టక్ పొయ్యి

మీ ఎడమ చేతిని వీపు వెనక కట్టేసుకుని ఒక అగ్గిపుల్ల గీయండి. పెట్టెను దేనితో పట్టుకుంటారు? పళ్లతోనా? కాలి కింద తొక్కి పెట్టా? గీసి, వెలిగించి, అప్పుడు రండి, జగదేవి గురించి మాట్లాడుకుందాం. గీయకుండానే "అయ్యో పాపం" అనేసేవాళ్లు ఈ కథ చదవకపోయినా ఎవరికీ నష్టం లేదు.

జగదేవి ఎడమ చేయి మణికట్టు దగ్గర ఆగిపోతుంది. ఖటక్ చించోళి అనే ఊళ్లో వాళ్ల ఇంటి వెనక బర్రెల కొట్టంలో చొప్ప కోసే మిషన్ ఉంది. జొన్న చొప్పను లోపలికి తోస్తుంటే ఆ మిషన్ చొప్పకీ చేతికీ తేడా చూడలేదు. అది రెండేళ్ల కిందటి మాట. దవాఖానాలో పడుకుంది, ఇంటికొచ్చింది, ఏడవాల్సినంత ఏడ్చింది, లేచి రొట్టెలు మొదలుపెట్టింది. కుడి అరచేత్తో రొట్టె కొడుతుంది, ఎడమ ముంజేతి మొండి అంచుతో దాన్ని చుట్టూ తిప్పుతుంది. మొదట్లో ఒక్కో రొట్టె ఒక్కో జిల్లా పటంలా వచ్చేది. ఇప్పుడు గుండ్రంగా, పల్చగా వస్తోంది. నమ్మకపోతే ఆ వీధిలో తిన్నవాళ్లను అడగండి.

రొట్టె సంగతి అలా తేలింది. నిప్పు సంగతి తేలలేదు. ఈ లోకంలో వస్తువులు తయారు చేసేవాడికి రెండు చేతులుంటాయి, అందుకని అందరికీ రెండు ఉంటాయనుకుంటాడు. అగ్గిపెట్టెకు రెండు చేతులు కావాలి. గ్యాస్ లైటర్‌కూ అంతే, ఒకటి నాబ్ తిప్పడానికి, ఇంకోటి లైటర్ నొక్కడానికి.

అందుకే జగదేవి భాల్కి బజారుకు పోయి పొయ్యిల దుకాణంలో నిలబడింది. దుకాణం మనిషి అద్దం పొయ్యి చూపించాడు, దాని మీద ఎర్ర పువ్వులు.

"పువ్వులు నాకెందుకన్న? ఒత్తి తిప్పితె టక్ మనాలె, మంట రావాలె. ఒక్క చేత్తోని. అసొంటిది చూపియ్యి."

దుకాణంలో ఉన్న అన్ని పొయ్యిల నాబ్‌లూ తనే ఒత్తి తిప్పి చూసింది. రెండు బర్నర్ల స్టీలు పొయ్యి ఒకటి ఎంచుకుంది. ఆ పొయ్యిలో ఒక్కో బర్నర్ పక్కన ఒక్కో తెల్లటి పింగాణీ పుల్ల నిలబడి ఉంటుంది, చిటికెన వేలంత కూడా ఉండదు, కొసన ఇనుప మొన. నాబ్ ఒత్తి తిప్పితే లోపల సుత్తి దెబ్బ లాంటిది పడుతుంది, టక్. ఆ దెబ్బకు మొన నుంచి బర్నర్ మీదికి నీలం నిప్పురవ్వ దూకుతుంది. గ్యాస్ అంటుకుంటుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇంట్లో దానికి టక్ పొయ్యి అని పేరు పడిపోయింది.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, రెండు పొయ్యిలు. పెద్దవాడు సంగమేశ్, జగదేవి మొగుడు. చిన్నవాడు నవనాథ్, అతని భార్య మహానంద. నడుమ ఒక గోడ. అత్త రాచమ్మ తినేది పెద్ద కోడలి దగ్గర. వేరు పొయ్యి ఉన్న ఆడమనిషికి ఆ ఇంట్లో ఒక జాగా ఉంటుంది. ఏం వండాలో, ఎప్పుడు వండాలో, వచ్చినవాళ్లకు చాయ్ పోయాలో వద్దో ఆమె చెబుతుంది. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు ఒక నెల వేరేవాళ్ల చేతి చాయ్ కోసం గడపలో కూర్చుని చూడాలి.

శ్రావణంలో టక్ పొయ్యికి రోగం పట్టింది. నాబ్ ఒత్తితే టక్ మంటుంది, మంట రాదు. ఈ బర్నర్ కాదని ఆ బర్నర్ తిప్పితే అదీ అంతే. టక్, టక్, టక్. గ్యాస్ వాసన వస్తుంది, జగదేవి నాబ్ కట్టేస్తుంది, కిటికీ తెరుస్తుంది, మళ్లీ మొదలు.

"ముసురుకు తేమ పట్టింది, ఎండొస్తె అదే సక్కగైతది," అన్నాడు సంగమేశ్.

ఎండొచ్చింది. పొయ్యి సక్కగ కాలేదు.

జగదేవి దాన్ని సబ్బుతో రుద్ది కడిగింది. పింగాణీ పుల్లల్ని కూడా బ్రష్షుతో తోమింది. దవాఖానాకు పోయే మనిషి స్నానం చేసి పోతాడు కదా, మెకానిక్ ముందు జిడ్డు పొయ్యి పెడితే తన పరువేం కావాలి? ఒక రోజంతా ఎండలో ఆరబెట్టి, గోనెసంచిలో కట్టి, నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది.

భాల్కిలో గ్యాస్ పొయ్యిలు బాగు చేసే అంబాదాస్ ఆ పొయ్యిని దుకాణంలో వెనక చీకటి మూలకు తీసుకుపోయాడు. షట్టర్ సగం దించాడు. నాబ్ తిప్పాడు. టక్. నీలం నిప్పురవ్వ దూకింది. రెండోదీ తిప్పాడు. అదీ దూకింది.

"బాయి, పొయ్యి బరాబర్ ఉన్నది. ఏం ఖరాబ్ కాలేదు."

"మా ఇంట్ల అంటుకుంటలేదు."

అంబాదాస్ ఆమె చేతి వైపు చూశాడు. లేని చేతి వైపు. అందరూ అటే చూస్తారు.

"గట్టిగ ఒత్తాలె బాయి. నీకు ఇంకో చెయ్యి ఆసర లేదు. ఒక చేతి తాకత్ సాల్తలేదు. ఆ టక్ సామాను తీసి పారేస్త, బేఫికర్‌గ లైటర్ వాడుకో."

"లైటర్ ఏ చేత్తోని పట్టాలె?"

అంబాదాస్ షట్టర్ పైకి లేపాడు.

పొయ్యి ఇంటికొచ్చింది. పనిచేసింది! శుక్రవారం చాయ్, శనివారం పప్పు, ఆదివారం రొట్టెలు, అన్నీ ఒక్క టక్‌తో. జగదేవి ఇల్లంతా వినబడేలా తిప్పేది. సోమవారం పొద్దున ఒత్తింది. టక్. అంతే. మంట లేదు.

"ఆడ పని చేసింది, ఈడ పని చేస్తలేదు. అంటె పొయ్యిది కాదు మరి," అన్నాడు సంగమేశ్. చెడ్డవాడు కాదు. నోటికి వచ్చింది అనేసి బయటికి పోయే రకం. కానీ ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. పొయ్యిది కాదు. మరి ఎవరిది? చేతిది. అంబాదాస్ అక్కడ అన్నదే ఇంట్లోవాళ్లు ఇక్కడ అన్నారు, కొంచెం మెత్తగా.

మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జగదేవి నాబ్ తిప్పి, వెంటనే లైటర్ అందుకోబోయింది. లైటర్ చేయి జారి గట్టు కిందికి పోయింది. వంగి వెతికి, దొరకబుచ్చుకుని, లేచి నొక్కేసరికి పోగైన గ్యాస్ భగ్గుమంది. కనుబొమ్మలు కాలాయి, కొంగు అంచు అంటుకుంది. అప్పుడే లోపలికొస్తున్న రాచమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించింది. జగదేవికి ఏమీ కాలేదు. రాచమ్మ మాత్రం ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది.

లేచాక తీర్పు చెప్పింది.

"ఇగ చాలు. వచ్చే సోమవారం నవనాథు సిలిండర్ అటు మోసుకపోతడు. ఇంట్ల ఒక్కటే పొయ్యి. మహానంద వండుతది. నువ్వు కూసొని తిను, బిడ్డా."

కూసొని తిను. ప్రేమగానే అంది ముసలామె. ఆ మాట జగదేవికి మిషన్ రెండోసారి కోసినట్టు తగిలింది. రొట్టెలు చేయడం మళ్లీ నేర్చుకున్నది కూర్చుని తినడానికా?

"అత్తమ్మా, తప్పు నా చేతిది కాదు."

"నీదని ఎవరన్నరే? కాలం మంచిగ లేదు. నడువు, తడి చీర మార్చుకో."

ఆ సోమవారం దాకా ఆమెకు నిప్పు ముట్టే హక్కు లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గోడ ఇవతల నిలబడి అరవాలి: "ఎవరన్న జర వచ్చి అంటియ్యిండ్రి!" మొగుడు పొలంలో కందికి మందు కొడుతుంటాడు. అత్త పూజలో ఉంటుంది. మహానంద పిల్లల జుట్టు దువ్వుతుంటుంది. పిండి ఆమె తడిపిందే, చేయి ఆమెదే, ఆకలి ఆమెదే, నిప్పు మాత్రం ఇంకొకరి తీరిక మీద. రెండు చేతులున్నవాళ్లు వచ్చి, టక్ సంగతి చూడకుండానే లైటర్ నొక్కి, ఏదో మహోపకారం చేసినట్టు కొంగు దులుపుకుని పోయేవాళ్లు. మహానంద ఒక్కతే అలా చేసేది కాదు. ఆమె వచ్చిన ప్రతిసారీ తిట్టేది.

"ఓ అక్కా, నీ పొయ్యి సల్లగుండ! మీ ముగ్గురికి, మా నలుగురికి, ఇద్దరి పిండి నేనే కొట్టాలెనా వచ్చే సోమవారం సంది? నా రెండు చేతులు పడిపోతయ్. జల్ది బాగు చేసుకో."

"బాగు చేసే అంబాదాసు నా చెయ్యే బాగ లేదన్నడు."

"వాని నోరు పడిపోను! మొన్న దాక మంచిగున్న చెయ్యి ఇయ్యాల ఖరాబైతదా?" ఆమె లైటర్ గట్టు మీద పడేసింది. "శుక్కురారం సంది ఐతారం దాక టక్ టక్‌మని మా చెవులు తిన్నవ్. సోమారం బందైంది. నీ పొయ్యికి సోమారం సెలవా ఏంది, గవర్మెంటు నౌకరి లెక్క?"

వేళాకోళానికి అన్న మాట. జగదేవి చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది.

సోమవారం.

అంతకుముందు కూడా పొయ్యి మొదటిసారి మొరాయించింది ఎప్పుడు? ఆమె వెనక్కి వెనక్కి పోయి ఆలోచించింది. ముసురుకు బర్రెల కొట్టం గోడ కూలింది కదా, ఆ వారం తర్వాత. అప్పుడూ సోమవారమే. ఉపవాసం ఉన్న అత్తకు పాలు కాచబోతే అంటుకోలేదు, గుర్తుంది. సోమవారం పొద్దున ఇంట్లో ఏం జరుగుతుంది? తను బర్రెల దగ్గర ఉంటుంది. అత్త పూజలో ఉంటుంది. ఎంత ఆలోచించినా అది పొయ్యికి సంబంధించిన విషయంలా కనబడలేదు. కానీ ఒక్కటి తేలిపోయింది. రోగం చేతిది కాదు. చేతికి సోమవారాలు తెలియవు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె గోడ అవతలికి కేకేసింది.

"మహానందా! మీ గొంగడి పట్టుకొని రా."

"ఎండ మండుతుంటె గొంగడెందుకక్కా, జరమొచ్చిందా?"

"చీకటి కావాలె. అంబాదాసు షట్టర్ దించి చూసిండు. నిప్పురవ్వ ఎటు పోతున్నదో వెలుతుర్ల కనవడదు."

ముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసింది. ఒకసారి కాదు, కట్టేసి, చూసి, మహానందకు కూడా చూపించింది. తర్వాత ఇద్దరూ పొయ్యి ముందు కూర్చుని, పొయ్యినీ తమ తలల్నీ కలిపి నల్ల గొంగడి కప్పుకున్నారు. లోపల గొర్రె బొచ్చు వాసన, చెమట, చిమ్మచీకటి.

"అక్కా, నీ మోకాలు నా కడుపుల ఉన్నది."

"జర ఓపిక పట్టు."

"మా ఆయనతోటి గూడ ఎన్నడు ఇంత దగ్గర కూసోలేదు నేను."

"నోరు మూసుకొని చూడు. ఒత్తుతున్న."

టక్.

నిప్పురవ్వ పుట్టింది! ఇన్ని రోజులూ పుట్టడం లేదనుకున్నారు. పుట్టింది, కానీ పై మొన నుంచి బర్నర్ మీదికి దూకలేదు. తెల్ల పుల్లను పట్టుకుని, బల్లిలా కిందికి పాకి, అడుగున స్టీలు రేకులోకి దిగి మాయమైంది.

"మళ్ల ఒత్తు," అంది మహానంద. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

టక్. మళ్లీ అదే దారి. పుల్ల వెంట కిందికి. రెండో బర్నర్ తిప్పింది. అక్కడా అంతే.

"అక్కా, అది దారి తప్పుతున్నది!"

"తప్పుతలేదు. ఎవరో దారి వేసిండ్రు దానికి."

సరిగ్గా అప్పుడు రాచమ్మ వంటింట్లోకి వచ్చింది. నడి మధ్యాహ్నం, ఇద్దరు కోడళ్లు గొంగడి కింద, బయటికి నాలుగు కాళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"శివనే! ఏందే ఇది? గొర్లు గూడ ఇంత సిగ్గు లేకుంట పండవు! లేవుండ్రి, ఎవరన్న చూస్తె ఊర్ల తలెత్తుకోనిస్తరా?"

జగదేవి గొంగడి విసిరేసింది. జుట్టంతా రేగి, ముఖం మీద చెమట కారుతోంది. అత్తకు జవాబు చెప్పకుండా చూపుడు వేలితో తెల్ల పుల్లను పైనుంచి కిందికి గట్టిగా రుద్దింది. వేలు చూసుకుంది. తెల్లగా ఉంది.

"మసి కాదు ఇది," అంది మెల్లగా. "మసి నల్లగుంటది. జిడ్డు పచ్చగుంటది. ఇది తెల్లగున్నది."

తెల్ల పుల్ల మీద తెల్లటి పూత. ఇన్ని రోజులూ కళ్ల ముందే ఉంది. కనబడితే కదా. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాల్చిన పిడకల వాసన, కొంచెం కర్పూరం. ఆ వాసన ఆ ఇంట్లో అందరికీ తెలుసు. జగదేవి తలెత్తి అత్త నుదుటి వైపు చూసింది. మూడు గీతలు, తెల్లగా, సూటిగా.

"అత్తమ్మా. సోమవారం పొద్దుగాల పొయ్యికి ఏం పెడుతవ్ నువ్వు?"

"ఏం పెడుత? విబూది పెడుత. దేవునికి పెట్టినట్టె." రాచమ్మకు ఇంకా అర్థం కాలేదు. "కొట్టం గోడ మీద పడి, ఆడున్న నా పాత మట్టి పొయ్యి పోయింది గదా. నలభై ఏండ్లు దానికి పూజ చేసిన. అది పోయినంక దీనికే చేస్తున్న. కడిగి, విబూది తడిపి, ముందర రేకుకు పెడుత, ఇగో ఈ చిన్న లింగాలకు పెడుత."

"లింగాలా?"

"మరి? తెల్లగ, నిలువుగ, పక్కపక్కన రెండు. చూస్తె నీకు లింగం లెక్క కొడుతలేవా? కంపెనీవాడు బుద్ధి గలోడు, దేవున్ని పెట్టే చేసిండు అనుకున్న."

మహానంద గొంగడిలో ముఖం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. జగదేవికి నవ్వు రాలేదు. కోపం వచ్చింది. ఇన్ని రోజుల అరుపులు, కాలిన కనుబొమ్మలు, చేతి తాకత్తు మీద ఇంట్లోవాళ్ల మాటలు, కూసొని తిను. అన్నింటికీ కారణం ఈ పిడకల బూడిద!

"అత్తమ్మా, నీ విబూదే నా పొయ్యిని చంపింది! నిప్పు దూకాల్సిన తాన దూకుతలేదు. నీ తడి గీతల వెంట కిందికి పారుతున్నది!"

రాచమ్మ ముఖం మాడిపోయింది.

"నా శివుడు నీ పొయ్యి ఖరాబ్ చేసిండంటవా? ఎవరి కోసం పెట్టిన్నే నేను? నా కోసమా? మిషను నా బిడ్డ చెయ్యి తిన్నది, నిప్పన్న దాన్ని సల్లగ చూడాలె అని పెట్టిన. మంగళారం భగ్గుమన్నంక ఇంక ఎక్కువ పెట్టిన, రోజు పెట్టిన! తప్పా?"

రోజు పెట్టిందట. పెద్ద కోడలు కాలిపోకూడదని రోజూ పెట్టింది. జగదేవికి ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ముసలామె చేతుల వైపు చూసింది. బిందెడు నీళ్లు కుమ్మరించిన చేతులు అవి.

"దేవుడు కాదత్తమ్మా," అంది, గొంతు తగ్గించి. "బూడిద, తడి. గంతే. నీ దేవున్ని నేనేమంటలేను."

"రుజువేంది?"

"చూపిస్త. ఆడ కూసో."

ఇక మొదలుపెట్టింది. పొయ్యి మీది బర్నర్ మూతలు తీసింది, ఇనుప స్టాండ్లు తీసింది. పాత పళ్ల బ్రష్షు నీళ్లలో ముంచి, దులిపి, తెల్ల పుల్లల చుట్టూ తోమింది. బూడిద పొరలు పొరలుగా వచ్చింది. సోమవారం నుంచి పెట్టిన గీతలన్నీ దాని మీద గట్టిపడి ఉన్నాయి. పుల్ల పగిలిందేమోనని గోరుతో మీటి చూసింది. పగల్లేదు. ఇనుప మొన మీద నల్లటి చిలుము ఉంటే గరుకు కాగితంతో మెరిసేదాకా గీకింది. తర్వాత పైపు ఊడదీసి, పొయ్యిని వాకిట్లో ఎండకు పెట్టి, పక్కనే కూర్చుంది, కాపలా కుక్కలా. ఎవరినీ ముట్టనివ్వలేదు. తడి పోవాలి. తడే దొంగ.

మహానంద సాయం చేయబోయింది.

"ఇటియ్యి అక్కా, నేను తుడుస్త, జల్దైతది."

"నువ్వు జరుగు. రేపు ఎవరన్న మహానంద బాగు చేసింది అంటె మళ్ల నా చెయ్యి కాడికే వస్తది కథ."

"అబ్బో! నిన్ను బాగు చేసుడు నాతోని గాదు."

ఎండిన పొయ్యిని లోపలికి తెచ్చి మళ్లీ గొంగడి కప్పుకున్నారు. ఎడమ బర్నర్ టక్ మంటే నీలం రవ్వ సూటిగా బర్నర్ మీదికి దూకింది. మహానంద లోపల్నుంచే కేక పెట్టింది. కుడి బర్నర్ మాత్రం ఒకసారి దూకుతుంది, ఒకసారి దూకదు. జగదేవి గొంగడి తీసి, రెండింటినీ పక్కపక్కన పోల్చి చూసింది. బస్సులో కుదుపులకో, తను గట్టిగా తోమినందుకో కుడివైపు మొన కొద్దిగా వెనక్కి వంగి ఉంది. ఎంత దూరం ఉండాలి? కొలిచే సామాను లేదు. ఆమె డబ్బాలోంచి ఒక జొన్న గింజ తీసింది. బాగున్న ఎడమ మొనకూ బర్నర్‌కూ నడుమ పెట్టింది. అతికినట్టు సరిపోయింది. అదే గింజను కుడివైపు పెట్టింది. జారి కింద పడింది.

"ఇగో, దొరికింది!"

పొయ్యిని మొండి చేత్తో గోడకు అదిమి పట్టి, కుడి చేత్తో పట్టకారు అందుకుని, పింగాణీని ముట్టకుండా ఇనుప మొనను మాత్రమే వెంట్రుకంత ముందుకు వంచింది. గింజ పెట్టింది. జారింది. ఇంకొంచెం వంచింది. ఈసారి గింజ నిలబడింది.

అప్పటికి సంగమేశ్ పొలం నుంచి వచ్చి గడపలో నిలబడి ఉన్నాడు. వంటింట్లో గొంగడి, పట్టకారు, జొన్న గింజలు, మూల పీట మీద బిగుసుకుని కూర్చున్న తల్లి. ఏమీ అర్థం కాలేదు.

"ఏమైతాంది ఈడ?"

"నీ పెండ్లాం దేవునితోని కొట్లాడుతున్నది," అంది రాచమ్మ.

"అందరు చూడుండ్రి," అంది జగదేవి. గింజ తీసి డబ్బాలో వేసింది. పైపు తగిలించి, బర్నర్ మూతలు పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. కుడి చేత్తో నాబ్ ఒత్తి తిప్పింది.

టక్.

మంట రాలేదు.

సంగమేశ్ నిట్టూర్చాడు. రాచమ్మ నోరు తెరిచి "నేను చెప్తనే ఉన్న" అనబోయింది. జగదేవి నాబ్ మీద చేయి తీయలేదు. వాసన చూసింది. గ్యాస్ వాసన కూడా లేదు.

"అక్కా!" మహానంద నెత్తి కొట్టుకుంది. "రెగ్యులేటర్! కట్టేసింది నువ్వే గదనే!"

సంగమేశ్ పకపకా నవ్వాడు. జగదేవి అతని వైపు ఒక చూపు చూసింది, అతను నవ్వు మింగాడు. ఆమె వంగి రెగ్యులేటర్ తిప్పింది, లేచి నిలబడింది.

టక్.

నీలం మంట గుండ్రంగా, ఒక్క ఊపులో, ఎక్కడా సందు లేకుండా లేచింది. కట్టేసింది. టక్. లేచింది. రెండోది. టక్. లేచింది. రెండూ కట్టేసి, రెండూ తిప్పింది. టక్, టక్. గట్టు మీద రెండు నీలం పువ్వులు. దుకాణంవాడు చూపిన ఎర్ర పువ్వుల కన్నా ఇవి మేలు.

"గ్యాస్ అయిపోతదే," అన్నాడు సంగమేశ్.

"అయిపోతె అయిపోనీ! ఎవరన్నరు నా చేతిల తాకత్ లేదని? ఆ అంబాదాసుకు ఫోన్ కొట్టు. టక్ వినిపిస్త."

నిజంగానే ఫోన్ చేయించింది. అంబాదాస్ ఎత్తాడు. జగదేవి ఫోన్‌ను పొయ్యి పక్కన పెట్టమంది. టక్.

"విన్నవా అన్న? ఒక్క చెయ్యే. చెయ్యి బరాబర్ ఉన్నది, ఏం ఖరాబ్ కాలేదు."

అవతలి నుంచి "హలో, హలో, కౌన్?" అని వినబడింది. జగదేవి కట్ చేయమంది. చెప్పాల్సింది చెప్పింది.

రాచమ్మ పీట మీంచి లేచి వచ్చింది. మంటను చూసింది, తెల్ల పుల్లను చూసింది. శుభ్రంగా, బోసిగా ఉంది అది.

"అయితె నేను రేపు ఏం జేయాలె?" అంది. పూజకు చోటు పోయిన మనిషి గొంతు అది. జగదేవికి ఆ గొంతు తెలుసు. కూసొని తిను అన్న రోజు తన గొంతు కూడా అలాగే ఉంది.

"పూజ ఎందుకు ఇడుస్తవత్తమ్మా? ముందర రేకుకు పెట్టు. ఇంత ఎడల్పున్నది, మూడు గాదు ముప్పై గీతలు పెట్టు. ఈ రెండిటిని మాత్రం ముట్టకు. వీటికి పొడి బట్ట చాలు."

"లింగాలు కావా ఇవి?"

"కావు. అయినా నీకు అట్లనే కొడితె, దూరం నుంచి మొక్కు."

రాచమ్మ ఆలోచించింది. ఆలోచించి, కొంగుతో చేయి పొడిగా తుడుచుకుని, నాబ్ మీద వేలు పెట్టింది.

"నేనొకపారి తిప్పనా?"

టక్. మంట లేచింది. ముసలామె అదిరి వెనక్కి గెంతి, మళ్లీ ముందుకొచ్చి, చిన్నపిల్లలా నవ్వింది. "ఇగ చాలు, గ్యాస్ అయిపోతది," అన్నది జగదేవే.

మరుసటి రోజు సోమవారం. సిలిండర్ మోసుకుపోవడానికి నవనాథ్ పొద్దున్నే భుజం మీద కండువా వేసుకుని వచ్చాడు. అతనికి రాత్రి ఎవరూ ఏమీ చెప్పలేదు. మహానంద కావాలనే చెప్పలేదు. పొయ్యి ముందర రేకు మీద మూడు తెల్ల గీతలు మెరుస్తున్నాయి. తెల్ల పుల్లలు పొడిగా ఉన్నాయి.

"వదినా, సిలిండర్ ఇడిపిస్త, జరుగు."

"కూసో నవనాథూ. ముందుగాల చాయ్ తాగు."

"అంటియ్యనా నేను?"

"కూసోమన్న గదా."

టక్. చాయ్ గిన్నె ఎక్కింది. నవనాథ్ పొయ్యి వైపు చూశాడు, వదిన చేతి వైపు చూశాడు. ఈసారి ఉన్న చేతి వైపు. చాయ్ తాగాడు, కప్పు కడిగి బోర్లించాడు, కండువా భుజాన వేసుకుని వట్టి చేతులతో వెళ్లిపోయాడు.

కాసేపటికి గోడ అవతల నుంచి కేక వచ్చింది. మహానంద గొంతు.

"ఓ అక్కా! మా లైటర్ సచ్చింది. అగ్గిపెట్టె తడిసింది. జర వచ్చి అంటియ్యరాదు!"

జగదేవి వాకిట్లో బర్రెకు చొప్ప వేస్తోంది. నిటారుగా నిలబడింది. ఊరంతా వినబడేలా గొంతెత్తింది.

"ఆగు! తీరిక దొరికినప్పుడొస్త!"

అవతల నవ్వులు. ఆమె మాత్రం అప్పటికే చేయి దులుపుకుని, టక్ పొయ్యి నిప్పు అంటించుకుపోవడానికి ఒక చొప్ప పుల్ల పట్టుకుని బయలుదేరింది.